నాటికలో పండిన నవ్వు ఫోన్లో ఎందుకు చస్తోంది? జంధ్యాల గారికి ఎలా కుదిరింది?

కృష్ణలంక కుర్రోడు
పరిషత్తుల్లో, అంటే నాటక పోటీల్లో, ఈలలు పడ్డ హాస్య నాటికల్ని తర్వాత యూట్యూబులో పెడుతున్నారు. చూస్తే పెదవి కదలదు. పోనీ రికార్డింగు కదా అనుకుంటే, అదే నాటికని పావుగంట షార్ట్ ఫిల్ముగా తీసినా అదే వరస. నటులు వాళ్ళే, మాటలు అవే, టైమింగూ అదే. జంధ్యాల గారు బెజవాడ నాటకాల్లోంచే కదా వెళ్ళింది. ఆయన సినిమాల్లోనూ మాటలు స్టేజి మాటల్లా పొడుగ్గానే ఉంటాయి, ఇద్దరు ఒకచోట నిలబడి మాట్లాడుకుంటూనే ఉంటారు. అయినా నలభై ఏళ్ళ తర్వాత ఫోన్లో చూసి పొట్ట పట్టుకుంటున్నాం. ఆయన చేసిన పనేంటి, మనవాళ్ళు చెయ్యనిదేంటి? "మహానుభావుడండీ" అని ఒక్క ముక్కలో తేల్చెయ్యకండి, పని చెప్పండి.

పరిషత్తు పిచ్చి
"టైమింగూ అదే" అన్నావు చూడు, కొంప ముంచింది అదే.

వింగ్ పక్కన
పిచ్చి గారు చెప్పిందే కాస్త విడమరుస్తా. స్టేజి మీద హాస్యానికి టైమింగ్ నటుడొక్కడే పెట్టడు, సగం జనం పెడతారు. మాట పడగానే నవ్వు లేస్తుంది, ఒక ఎత్తుకి వెళ్తుంది, దిగడం మొదలెడుతుంది. అలవాటున్న నటుడు అది పూర్తిగా చల్లారేదాకా ఆగడు. సగానికి దిగగానే తర్వాతి మాట అందుకుంటాడు. ముందే అందుకుంటే ఆ మాట నవ్వులో కొట్టుకుపోతుంది, ఆలస్యం చేస్తే హాలు చల్లబడుతుంది. గట్టి మాటకి ఈ ఆగడం నాలుగైదు సెకన్లు ఉంటుంది. పది పరిషత్తులు తిరిగిన నటుడికి ఆ విరామం ఒంట్లోకి ఎక్కిపోయి ఉంటుంది. కెమెరా ముందు కూడా సరిగ్గా అక్కడే ఆగుతాడు. నవ్వే జనం లేరు గనక చూసేవాడికి అతను డైలాగు మర్చిపోయినట్టు కనపడుతుంది.

ఆ నాలుగు సెకన్లూ ఎడిటింగులో కోసేస్తే సరిపోతుందా అంటే పోదు. మాట దిగడానికి వినేవాడికీ సమయం కావాలి. సినిమాలో ఆ జాగాని మాట పడ్డవాడి మొహంతో నింపుతారు. 'నాలుగు స్తంభాలాట' (1982) చూడు. సుత్తి వేసేది వీరభద్రరావు గారు, నవ్వు పుట్టేది సుత్తి వేలు గారి మొహంలో. హాల్లో ప్రేక్షకుడు చేసే పని అక్కడ వేలు గారు చేస్తున్నారు. ఇద్దరి పేర్ల ముందూ సుత్తి అతుక్కుపోయిందంటే కారణం ఉంది. వేసేవాడు ఎంత ముఖ్యమో పడేవాడూ అంతే.

కృష్ణలంక కుర్రోడు
ఇది ఎవరూ ఇలా చెప్పలేదు. అంటే షార్ట్ ఫిల్ములో రియాక్షన్ షాట్లు తీసుకోకపోవడమే తప్పంటారా?

వింగ్ పక్కన
తీస్తారు, కానీ చివర్లో తీస్తారు. లైటు పోతున్న వేళ "ఒకసారి అలా ఆశ్చర్యంగా చూడండి" అని గాల్లోకి చూపిస్తారు. ఆ చూపు దేనికీ అతకదు. ఎదుటివాడు పక్కనే నిలబడి ఆ డైలాగు పూర్తిగా చెప్తుండగా వినేవాడి మీద కెమెరా పెట్టి మొత్తం తీసుకోవాలి. అప్పుడే ఏ మాటకి కన్ను ఎలా కదిలిందో దొరుకుతుంది.

రీలు డబ్బా
జంధ్యాల గారి సంగతి వచ్చింది కాబట్టి సంవత్సరాలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకుందాం. 1951 జనవరి 14న నరసాపురంలో పుట్టారు, చదువూ నాటకాలూ బెజవాడలో. 'ఏక్ దిన్ కా సుల్తాన్', 'గుండెలు మార్చబడును' పేరు తెచ్చిన నాటకాలు. 1976లో 'సిరిసిరిమువ్వ'కి మాటలు, 1977లో 'అడవి రాముడు', 1979లో 'వేటగాడు', 1980లో 'శంకరాభరణం'. దర్శకుడిగా 'ముద్దమందారం' 1981లో. మధ్యలో ఉన్న ఐదేళ్ళు చూడండి. పక్కా కమర్షియల్ సినిమాకీ రాశారు, విశ్వనాథ్ గారికీ రాశారు. ఆ రెండు తరహాల్లో ఒక మాట తెరమీదకి వెళ్ళాక ఎంత సాగుతుందో, ఎంత కుంచించుకుపోతుందో చూసే అవకాశం దొరికింది. కాబట్టి "నాటకాల్లోంచి సినిమాకి" అని ఒక్క గెంతులా చెప్పడం సరికాదు. నా లెక్కలో ఆయన్ని సినిమా దర్శకుణ్ణి చేసింది ఆ ఐదేళ్ళే, స్టేజి కాదు.

పరిషత్తు పిచ్చి
ఇక్కడ మీతో ఏకీభవించను డబ్బా గారూ. అదే కాలంలో మాటలు రాసి తర్వాత మెగాఫోను పట్టినవాళ్ళు ఇంకా ఉన్నారు, అందరికీ ఆ పట్టు రాలేదే. ఒక పాత్రకి ఒకే పిచ్చి పెట్టి దాన్ని మొదటి సీనునించి చివరిదాకా లాగడం, లాగిన ప్రతిసారీ ఒక మెట్టు పెంచడం పక్కా నాటిక పద్ధతి. గంటలోపు నాటికలో ఆరేడు పాత్రల్ని జనానికి గుర్తుండేలా చెయ్యాలంటే అంతకంటే దారి లేదు. 'అహ నా పెళ్ళంట'లో (1987) లక్ష్మీపతి పిసినారితనం అలా కట్టిందే. ఆ కథకి మూలం ఆదివిష్ణు గారి 'సత్యంగారిల్లు' నవల. నవలని తీసుకున్నా సీన్లు పేర్చిన చెయ్యి మాత్రం నాటకం చెయ్యి.

రీలు డబ్బా
పాత్రలు కట్టే పద్ధతి నాటకానిదే, ఒప్పుకుంటా. కానీ మీరు చెప్పిన సినిమాలోంచే తీస్తా. లక్ష్మీపతి వేసిన కోట శ్రీనివాసరావు గారు కోడిని వేలాడదీసి దాన్ని చూస్తూ ఒట్టి అన్నం తినే సీను. స్టేజి మీదైతే "కోడిని చూస్తూ తింటే కోడికూర తిన్నట్టే" అని ఒకడు చెప్పాలి, ఎందుకంటే ఇరవయ్యో వరసవాడికి ఆ తాడూ, కోడీ, పళ్ళెం ఒక్కసారే కంట పడవు. ఫ్రేములో కోడీ, పళ్ళెం, ఆయన కళ్ళూ ఒకేచోట ఇమిడాయి. మాటలు తర్వాత వస్తాయి, అప్పటికే నవ్వు వచ్చేసింది. ఎక్కడ మాట పెట్టాలో, ఎక్కడ మాట మానాలో తెలియడం సినిమా నేర్పిన విద్య.

గాంధీనగరం గొంతు
కోట గారూ స్టేజి మనిషే. మన కంకిపాడు. మొదటి సినిమా 'ప్రాణం ఖరీదు' (1978), అదీ నాటకంలోంచి వచ్చిందే. ఇద్దరిదీ ఒకే బడి కాబట్టి ఇక్కడ ఎవరూ ఓడిపోలేదు, వదిలెయ్యండి.

మాటల మూట
మీరంతా చూపు గురించే మాట్లాడుతున్నారు, చెవి మర్చిపోయారు. వీరభద్రరావు గారు విజయవాడ ఆకాశవాణి మనిషి. రేడియో నాటకంలో మొహం లేదు, చెయ్యి లేదు. మైకుకి జానెడు దూరంలో నోరు పెట్టి, అరవకుండా, ప్రతి అక్షరం విడిగా వినపడేలా, ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో తెలియకుండా చెప్పాలి. స్టేజి నటుడు వాక్యం చివర గొంతు ఎత్తుతాడు, వెనక వరసకి చేరాలని. రేడియో నటుడు చివర దించుతాడు, అయినా వినపడుతుంది. ఆయన పొడుగు తిట్లు వినండి, ఎక్కడా అరుపు లేదు, వేగం ఉంది. షార్ట్ ఫిల్ముల్లో మన స్టేజివాళ్ళు గొంతు తగ్గించమంటే వేగం కూడా తగ్గించేస్తారు. అక్కడే హాస్యం చస్తోంది. తగ్గించాల్సింది గొంతొక్కటే.

దీనికి సాధన ఉంది. ఇద్దరినీ కుర్చీల్లో మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చోబెట్టి సీను మొత్తం మామూలు స్టేజి వేగంతోనే, కానీ పక్క గదిలో పసిపిల్ల నిద్రపోతున్నట్టు చెప్పించండి. నాలుగు రోజులు అలా చేశాక లేపి నిలబెట్టండి. గొంతు దిగి ఉంటుంది, వేగం పోదు.

పరిషత్తు పిచ్చి
పసిపిల్ల కిటుకు బాగుంది. మా వైపు పరిషత్తు నటులకి పసిపిల్ల లేచిపోతుంది, ముందే చెప్తున్నా.

సోడియం దీపం
జంధ్యాల గారి రోజుల్లో ఖర్చయ్యే ఫిల్ము (నెగెటివ్) లెక్క ఎవరూ ఎత్తలేదు. 35 ఎంఎం ఫిల్ము అడుగుకి 16 ఫ్రేములు. సెకనుకి 24 ఫ్రేములంటే నిమిషానికి 90 అడుగులు. వెయ్యి అడుగుల డబ్బా పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. రెండున్నర గంటల సినిమా తెరమీద 13,500 అడుగులు. సగటున ఒక్కో షాటుకి నాలుగు టేకులు తిన్నారంటే 54,000 అడుగులు కొనాలి. నటుడు తడబడ్డ ప్రతి టేకూ నిర్మాత జేబులోంచే. అందుకే పెద్ద స్టార్లు లేని చిన్న సినిమాకి నాటకం వాళ్ళు వరం. రెండు పేజీల సీను ఆపకుండా చెప్పగలరు, చూపించిన గుర్తు మీదే నిలబడగలరు, ఎదుటివాడి మాట కూడా వాళ్ళకి వచ్చు. ఇప్పుడు ఫోన్లో ఎన్ని టేకులైనా ఉచితం కదా అని రిహార్సలు మానేశారు. పదిహేనో టేకుకి నటుడి మొహంలో హాస్యం ఉండదు, అలసట ఉంటుంది.

అరండల్‌పేట రావు
జంధ్యాల గారి దగ్గరే ఆగిపోతే ఎలా? మన వైపు నాటకంలోంచి సినిమా దర్శకత్వానికి దారి వేసినవాళ్ళలో డాక్టర్ గరికపాటి రాజారావు గారు ఒకరు. 1915లో రాజమండ్రిలో పుట్టారు. వృత్తి వైద్యం, ప్రాణం వామపక్ష కళాకారుల సంఘమైన ప్రజానాట్యమండలి. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు రాసిన 'మాభూమి'ని ఊరూరా ఆడించారు. ఆ నాటకంలో వేసిన దుగ్గిరాల అమ్మాయి జమునని 1953లో 'పుట్టిల్లు'తో తెరకి తెచ్చారు. అల్లు రామలింగయ్య గారికీ అదే తొలి సినిమా. తాతినేని ప్రకాశరావు గారు 'పల్లెటూరు' (1952), కె.బి. తిలక్ గారు 'ముద్దుబిడ్డ' (1956) తీశారు, వాళ్ళూ ప్రజానాట్యమండలి నీడలోంచి వచ్చినవాళ్ళే. వీళ్ళెవరూ హాస్యం కోసం వెళ్ళలేదు. అయినా స్టేజి నటుణ్ణి కెమెరా ముందు నిలబెట్టే కష్టం జంధ్యాల గారికంటే ముందే వీళ్ళూ పడ్డారు.

రీలు డబ్బా
రావు గారూ, ఆ తరానికి ఒక తేడా ఉంది. ప్రజానాట్యమండలి ఆడింది ఊరి మధ్య కళ్ళాల్లో, మూడు వైపులా జనంతో. వింగులు (పక్క తెరలు), డ్రాపులు (దించే తెరలు) లేని చోట ఆడిన నటుడు ఏ వైపు తిరిగినా మాట్లాడగలడు. పరిషత్తు నటుడు ఒకే వైపుకి అలవాటు పడ్డాడు. ముప్పావు మొహం ఎప్పుడూ జనానికి ఇచ్చే మాట్లాడతాడు, ఎదుటివాడి కళ్ళలోకి చూడడు, భుజం మీదుగా చూస్తాడు. ఒకడి భుజం వెనకనించి ఎదుటివాడి మొహం తీసే ఓవర్ ద షోల్డర్ షాటులో ఈ దొంగ చూపు వెంటనే పట్టుబడుతుంది.

కృష్ణలంక కుర్రోడు
ఒక సీను పెడతాను, విడగొట్టి చెప్పండి. ఓనరు అద్దె కోసం వస్తాడు. అద్దెకున్నవాడు సోఫా వెనక దాక్కుంటాడు. భార్య "ఊళ్ళో లేరండీ" అంటుంది. ఓనరు వచ్చి అదే సోఫాలో కూర్చుని కాఫీ అడుగుతాడు. మధ్యమధ్యలో మొగుడు తల ఎత్తి సైగలు చేస్తాడు. స్టేజి మీద ఎనిమిది నిమిషాలు. తీయాల్సింది పది బై పన్నెండు హాల్లో.

వింగ్ పక్కన
ముందు కాగితం మీద కొట్టెయ్యాలి. "అమ్మో, ఓనరు ఇటే వస్తున్నాడే", "ఎక్కడ దాక్కోను, ఆ సోఫా వెనక దాక్కుంటా" లాంటివన్నీ స్టేజికి కావాలి, ఎందుకంటే వీధి కనపడదు. నీకు కిటికీ ఉంది, చెప్పుల చప్పుడు ఉంది. స్వగతాలు పోవాలి. అవి పోతే ఎనిమిది నిమిషాలు మూడున్నరకి దిగుతుంది. అంతకంటే దించకు. కాఫీ ఆలస్యం కావడమే సీనుకి ప్రాణం.

కెమెరా సంగతి. సోఫా గోడకి ఆనించి ఉంటుంది, దాన్ని మూడడుగులు ముందుకి లాగు. కెమెరా సోఫాకి ఎదురుగా, కూర్చున్న ఓనరు ఛాతీ ఎత్తులో. ముందు ఓనరు, వెనక మొగుడి తల, ఇద్దరూ ఒకే ఫ్రేములో. ఇదే నీ అసలు షాటు. తల లేచే క్షణంలో కట్ చెయ్యకు. క్లోజప్‌లో తల లేస్తే అది మొగుడి షాటు మాత్రమే. ఓనరుకి తెలియదు, మనకి తెలుసు, ఇవి రెండూ ఒకేసారి కనపడితేనే నవ్వు. తల దిగిపోయాక భార్య మొహానికి వెళ్ళు. జనం నవ్వే జాగా అక్కడ పెట్టు. ఒకటిన్నర, రెండు సెకన్లు చాలు.

సోడియం దీపం
ఫోన్లో పోర్ట్రెయిట్ మోడు పెట్టొద్దు. వెనకున్న తలని మసక చేసేస్తుంది. మామూలు వీడియోలో చిన్న సెన్సరు కాబట్టి ముందూ వెనకా రెండూ స్పష్టంగా ఉంటాయి, ఈ సీనుకి కావాల్సింది అదే. పది బై పన్నెండు గదిలో వెడల్పు రావట్లేదని అల్ట్రా వైడ్ లెన్సుకి వెళ్ళకు, అంచుల్లో మొహాలు సాగుతాయి. వీధి తలుపు తీసి గుమ్మం బయట స్టాండు వేసుకుంటే ఇంకో నాలుగడుగులు దొరుకుతాయి.

రీలు డబ్బా
భార్య వంటింటి గుమ్మంలో ఫ్రేముకి ఎడమవైపు ఉంటే ఆమె చూపు కుడికి, ఓనరు చూపు ఎడమకి. ఇద్దరి మధ్యా ఒక గీత ఊహించుకుని కెమెరా ఎప్పుడూ ఆ గీతకి ఇటువైపే ఉంచు. దాటావంటే ఇద్దరూ ఒకే దిక్కుకి మాట్లాడుతున్నట్టు వస్తుంది. ఇంకోటి, భార్య చూపు ఓనరు మీదనించి వెనక్కి జారి మళ్ళీ వెంటనే రావాలి. ఆ జారడం కంటితోనే, మెడ తిరగకూడదు. స్టేజి నటి మెడ తిప్పేస్తుంది, అక్కడ అలాగే తిప్పాలి మరి.

మాటల మూట
మాస్టర్ షాటు సీను మొత్తం మొదటినించి చివరిదాకా మూడుసార్లు తీయండి. నాటకం వాళ్ళు పరుగులో బాగుంటారు, ముక్కల్లో తడబడతారు. బాగున్న టేకు వేగం చెవిలో పెట్టుకుని అదే వేగంలో మిగతా ముక్కలు. ఒకళ్ళని కాగితం ఇచ్చి కూర్చోబెట్టండి. ఓనరు ఏ మాట మీద కాలు మీద కాలు వేశాడు, కప్పు ఏ చేత్తో పట్టాడు, కొంగు ఏ భుజం మీద ఉంది. ఇవి రాసుకోకపోతే ఎడిటింగులో మంచి టేకు పారెయ్యాల్సి వస్తుంది.

తెనాలి పౌడరు
స్టేజి మేకప్పుతో నిలబెట్టొద్దు. దూరానికి గీసే ముడత గీతలు, ఎర్రటి బుగ్గలు ఫోన్లో బురద పూసినట్టు ఉంటాయి. ముసలి పాత్రకి ముసలి నటుణ్ణే తీసుకోవడం ఉత్తమం. చెమట అద్దడానికి టిష్యూ, లూజు పౌడరు పక్కన ఉండాలి. ఎండాకాలం బెజవాడ గదిలో ఫ్యాను ఆపితే పది నిమిషాలకి మించి మొహం నిలవదు.

కృష్ణలంక కుర్రోడు
ఫ్యాను ఆపాల్సిందేనా?

మాటల మూట
ఆపాల్సిందే. ఫ్యాను చప్పుడు మాట కింద అతుక్కుపోతుంది, కట్ చేసిన ప్రతిచోటా ఎగిరి పడుతుంది. టేకుకీ టేకుకీ మధ్య వేసుకోండి. పని అయ్యాక అందరూ కదలకుండా అర నిమిషం ఖాళీ గది చప్పుడు రికార్డు చేసుకోండి. మాటల మధ్య ఖాళీలు పూడ్చడానికి అదే మట్టి. కాలరు మైకు పట్టుచీరకీ జరీకీ తగిలితే గరగర, నూలు గుడ్డమీద పెట్టి టేపు వెయ్యండి.

గాంధీనగరం గొంతు
మొదటి సగం ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. నాటిక రికార్డింగు ఎందుకు చప్పగా ఉంటోంది? మైకు పెట్టెలోంచి నేరుగా లైను తీసుకుంటున్నారు. మాటలు స్పష్టంగా వస్తాయి, జనం నవ్వు రాదు. పైన వింగ్ పక్కన గారు చెప్పిన నాలుగు సెకన్ల ఖాళీ అక్కడ పచ్చిగా బయటపడుతుంది. స్టేజి ముందు అంచున జనం వైపు తిప్పి ఇంకో రికార్డరు పెట్టండి. ఎడిటింగులో ఆ నవ్వుని మాటల కింద, విరామంలో కాస్త పైకీ కలపండి. తుమ్మలపల్లి కళాక్షేత్రం లాంటి పెద్ద హాల్లో వెనక వరస నవ్వు ఆలస్యంగా చేరుతుంది, కాబట్టి ముందు వరసలకి దగ్గరగా పెట్టిందే వాడండి. ఉన్న నవ్వునే వినిపిస్తున్నాం, టీవీ నవ్వులు అతికించడం లేదు.

పరిషత్తు పిచ్చి
ఇది బంగారం. సగం వీడియోలు దీంతోనే బతుకుతాయి.

సోడియం దీపం
రికార్డింగుకే ఇంకో రెండు. మన కరెంటు సెకనుకి 50 సైకిళ్ళు, కాబట్టి సెకనుకి 25 ఫ్రేములు, షట్టరు సెకనులో యాభయ్యో వంతో వందో వంతో. లేకపోతే దీపాలు మినుకుమంటాయి. ఎల్ఈడీ స్టేజి దీపాల (పార్లు) వెలుగు తగ్గించినప్పుడు ఇంకా ఎక్కువ, ముందురోజు లైట్ల రిహార్సల్లోనే చూసుకోండి. రెండోది, ఆటో ఎక్స్‌పోజరు వదిలేస్తే నల్లటి వెనక తెర చూసి మొహాల్ని తెల్ల సున్నం చేస్తుంది. మొహం మీద వేలు నొక్కిపట్టి లాక్ చెయ్యండి. కెమెరా మొదటి వరసలో వద్దు, గడ్డాలే కనపడతాయి. నడిమి దారిలో ఏడెనిమిదో వరస, స్టాండు నిలబడ్డ మనిషి ఎత్తు. రెండో ఫోను ఉంటే వినేవాళ్ళ మీద పెట్టండి, చెప్పేవాళ్ళ మీద కాదు.

అరండల్‌పేట రావు
గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో ఆడేవాళ్ళు కూడా ఇది రాసిపెట్టుకోవాలి. దీపం గారూ, రెండో ఫోను వినేవాళ్ళ మీద అన్నారు, ఆ ఒక్క మాట చాలు నాకు.

కృష్ణలంక కుర్రోడు
స్క్రిప్టు కొట్టేశాను, మూడు నిమిషాల నలభై సెకన్లకి వచ్చింది. ఒక్క అనుమానం. సీను చివర ఓనరు లేచి వెళ్తూ "మీ ఆయన వచ్చాక సోఫా వెనక దుమ్ము దులపమను" అంటాడు. స్టేజి మీద దానికే తెర దిగుతుంది, చప్పట్లు. ఇక్కడ ఎవరి మీద ముగించాలి? ఓనరు మీదా, మొగుడి మీదా?

వింగ్ పక్కన
ఓనరుని గుమ్మం దాటించెయ్యి, ఆ మాట బయటినించి వినపడనీ. ఫ్రేములో ఖాళీ సోఫా, పక్కన భార్య. రెండు సెకన్లు. అప్పుడు తల మెల్లిగా లేవాలి, ఓనరు వెళ్ళిన గుమ్మం వైపు చూడాలి. భార్య తలవైపు చూడకూడదు, చేతిలో ఉన్న కాఫీ కప్పు వైపే చూడాలి.

తెనాలి పౌడరు
ఆ తల మీద కాస్త దుమ్ము నేను పూస్తా. బియ్యప్పిండి వద్దు, తెల్లగా మెరుస్తుంది. ముల్తానీ మట్టిలో చిటికెడు బొగ్గుపొడి.